ఎక్కువకి దీపం లేదు

నమోదు 1

తిన్నదల్లా రాయమంది డాక్టరమ్మ. తిన్నది మాత్రమే రాస్తే రెండు ముక్కల్లో అయిపోతుంది కనుక తిననిది కూడా రాస్తాను. చదువుతుందో లేదో ఆవిడ ఇష్టం.

ఇవాళ: చోడి అంబలి, అంటే రాగి జావ, సగం గిన్నె. తోటకూర పప్పు, వాసన చూశాను. వంకాయ కూర, దూరం నుంచి చూశాను. అన్నం, దాన్ని నేనూ నన్ను అదీ కాసేపు చూసుకున్నాం.

నా పేరు వరహాలు. ఎర్రమెట్టలో అతుకులు తడిమి చీలికలు మూసే పని నాది. మా ఊరి పైకప్పు పలకలు పలకలుగా అతికించి ఉంటుంది. బయట ఎర్ర దుమ్మే తప్ప పీల్చుకునే గాలి లేదు, లోపల ఉన్నదే మా ఆస్తి. పలకల మధ్య రబ్బరు పట్టీ ఎక్కడైనా సన్నగా చీలితే యంత్రం కంటే ముందు వేలికొసకి తెలుస్తుంది. వెంట్రుక తగిలినంత చల్లదనం, అంతే. నా రొమ్ములో గడ్డని కనిపెట్టింది కూడా ఈ వేళ్లే. వాటి పని అవి చేశాయి, తిట్టడానికి లేదు.

గడ్డ తీసేశారు. మొదటి రకం మందు ఎక్కించారు, జుట్టు పోయింది. ఇప్పుడు రెండో రకం సగంలో ఉన్నాను. ఇది పూర్తిచేస్తే ఆ జబ్బు తిరిగొచ్చే దారులు చాలామటుకు మూసుకుంటాయని డాక్టర్ నీలోఫర్ చెప్పింది. దారులు మూయడం నా వృత్తి. ఆ మాట నాకు నచ్చింది. పూర్తిచేసి తీరాలనుకున్నాను.

మందెక్కిన రెండు రోజులూ నా నీళ్లు ఊరి నీళ్లలో కలవకూడదట. మా ఊళ్లో చెమట చుక్క కూడా శుద్ధి అయి మళ్లీ కుండలోకి వస్తుంది మరి. నాకు వేరే డబ్బా ఇచ్చారు, మీద నా పేరు కూడా రాశారు. ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

నమోదు 2

ఇవాళ: అంబలి, సగం గిన్నె. మెంతికూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని తీసేశాను.

మా ఊళ్లో మంచం పట్టినవాళ్లకి ఎదురింటివాళ్లు వండిపెట్టాలి. ఊరు పెట్టిన కొత్తలో తిండి చాలక, తిన్నదాంట్లో సత్తువ చాలక చాలామంది పోయారు. మా అమ్మమ్మ ఆ కొరత ఏళ్లు చూసిన మనిషి. ఈ ఆచారాలు అప్పటివే, గుమ్మాల మీది దీపాలూ అప్పటివే. అందరి మణికట్టుకీ ఉండే పట్టీ రక్తంలో ఏమేం తగ్గాయో కొలిచి దీపానికి చెబుతుంది. అన్నీ చాలినంత ఉంటే ఆకుపచ్చ. కొన్ని తగ్గితే పసుపు. బాగా తగ్గితే ఎరుపు. ఎరుపు వెలిగేది రోగి గుమ్మం మీదే అయినా పరువు పోయేది వండిపెట్టే ఇంటిది.

ఇంకో రెండు కట్టుబాట్లున్నాయి. రోగి గిన్నెని వండినవాళ్లు రుచి చూడకూడదు, ఒక్క గరిట తగ్గినా రోగి నోటిది తగ్గినట్టే. రోగి గిన్నె పట్టుకుని ఎదురింటికి వెళ్లకూడదు, వెళ్తే నడివీధిలో నిలబడి నాకు చాల్లేదని ఫిర్యాదు చేసినట్టే. నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు.

నా ఎదురిల్లు తవిటమ్మది. నాకంటే పదేళ్లు పెద్దది, చిన్నప్పటి నుంచి అప్పా అనే పిలుస్తాను. మనిషి ఎంత మంచిదో నోరు అంత పెద్దది.

"ఏటే, పప్పు అలాగే ఉండిపోనాది?" అంది గిన్నెలు తీస్తూ.

"నోట్లో ఇనప నట్టెట్టుకున్నట్టుందప్పా. ఏటి తిన్నా అదే."

"మరి అంబలెలాగ దిగుతంది?"

"అది సల్లగుంటది. నమలక్కర్లేదు. నోరంతా పుండైపోనాది గదా, అదొక్కటే మంట పెట్టదు."

ఆవిడ నా గుమ్మం మీదికి చూసింది. పసుపు. వచ్చేటప్పుడే చూసి ఉంటుంది, అయినా మళ్లీ చూసింది.

"నా సేతి తిండి తిన్నోలెవలికీ పసుపు రాలేదే," అంది. నాతో కాదు, దీపంతో.

నమోదు 3

ఇవాళ: అంబలి, ముప్పాతిక గిన్నె. మిగతావి షరా మామూలే.

దీపం ఆకుపచ్చకి వచ్చింది! తవిటమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని వీధిలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపించింది. ఇంత తక్కువ తింటే ఇంత బాగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు గానీ ఆవిడ మొహం చూసి అడగబుద్ధి కాలేదు.

వేలికొసలు కొంచెం మొద్దుబారినట్టున్నాయి. అరికాళ్లు కూడా. మేజోళ్లు వేసుకున్నాననుకుని విప్పబోతే అక్కడ మేజోళ్లు లేవు.

నమోదు 4

రాయలేదు. వాంతులు.

నమోదు 5

ఇవాళ: అంబలి.

ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ కళ్లు మూయించి వేళ్ల మీద దూది తాకించింది. తాకినప్పుడు చెప్పమంది. ఇంకా తాకించలేదనుకుని ఓపిగ్గా కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"ఈ మందుతో తిమ్మిరి రావడం మామూలే వరహాలు గారూ. కానీ మీకు మరీ త్వరగా పెరుగుతోంది. ఇంకా పెరిగితే మందు ఆపేయాల్సి వస్తుంది."

"ఆపితే?"

"మీరు అతుకులు వేసే మనిషి కదా. సగం వేసి వదిలేసినట్టే."

"అందులోంచి గాలి పోతుందా?"

"పోవచ్చు, పోకపోవచ్చు. మీకు అబద్ధం చెప్పను."

తిండి సంగతి అడగబోయి నా పట్టీ చూసింది. "అన్నీ సరిపడా ఉన్నాయి. అయితే తిండి వల్ల కాదు," అని కాగితం మీద ఏదో కొట్టేసింది. నేనూ ఊరుకున్నాను. ఆకుపచ్చ దీపం వెలుగుతుంటే ఎర్రమెట్టలో ఎవరూ మరో ప్రశ్న అడగరు.

భయం వేసింది. చావంటే కాదు. సగంలో ఆగిపోవడమంటే. ఇన్నాళ్లు పడ్డ కష్టం, జుట్టు, నోరు, పేరు రాసిన డబ్బా, అన్నీ కలిపి సగం పనికింద మిగిలిపోతాయా?

నమోదు 6

ఇవాళ: అంబలి. ఎవరో పంపిన నిమ్మకాయ, వాసన కోసం పక్కన పెట్టుకున్నాను.

పనికి రావద్దన్నారు గానీ ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. తూర్పు వైపు ఒక అతుకు మొత్తం తడిమి, బాగుందని సంతకం పెట్టాను. నేను నిచ్చెన దిగకముందే యంత్రం కూత పెట్టింది. చీలిక అక్కడే ఉంది. నా వేలు దాని మీదుగానే వెళ్లింది. నాకు తెలియలేదు. ఎవరూ ఏమీ అనలేదు, అదే బాధ. నిచ్చెన పక్కన కూర్చుని ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

తిరిగొస్తుంటే మా వీధి వింతగా కనిపించింది. వీధి పెద్ద గురువులు గుమ్మం మీద పసుపు. ఆ పక్కింటి మీద పసుపు. ఆ పైన ఇంకో పసుపు. గురువులంటే మూడు పూటలా పళ్లెం ఖాళీ చేసి నాలుగో పూట కోసం వెతికే మనిషి. ఆయనకి పసుపేమిటి! వీధి చివరిదాకా వెళ్లి చూశాను. మొత్తం పసుపే. తవిటమ్మ గుమ్మం అయితే ఎరుపుకి దగ్గరలో ఉంది.

అన్నం ముట్టని నా ఇంటి మీద మాత్రం నిండు ఆకుపచ్చ.

నమోదు 7

ఇవాళ: ఏమీ లేదు. ఎందుకో రాస్తాను.

తవిటమ్మ అంబలి తెచ్చింది. గిన్నె అందుకోలేదు.

"అప్పా, ఇందులో ఏటేటి ఏత్తన్నావు?"

"సోడిపిండి. మజ్జిగ. ఉప్పు."

"ఇంకా?"

ఆవిడ పెద్ద నోరు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "పొడి," అంది.

పోషకాల పొడి ఇంటింటికీ పంచుతారు, మనిషికొక పొట్లం. ఈ సూర్యుడి వెలుతురు చాలదు, మా మట్టిలో పండినదాంట్లో సారం చాలదు. అందుకని అన్నంలో చిటికెడు కలుపుకుంటాం.

"నీ పొట్లం ఏసినాను. పసుపు పోలేదు. నా పొట్లం ఏసినాను. గురువులు బావ సూసి, నాది కూడా తీసుకోమన్నాడు. ఆ తరవాత నానడగనేదు, ఈదంతా తెచ్చి ఇచ్చీసినారు. నువ్వు మెతుకు ముట్టకపోతంటే సూత్తా కూకోమంతావేటి?"

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను. రాలేదు. వీధి వీధంతా తమ ఒంట్లోది తీసి నా గిన్నెలో పోసింది. అది విన్నాక ఎవరి మీదని అరవను?

"ఎలగుంటదో రుసి సూసినావా?"

"రోగి గిన్ని రుసి సూత్తారేటే! మా యమ్మ బతికుంటే నా సెయ్యి ఇరిసీను."

"నాకా రుసి తెలీదు. నువ్వా సూడవు. మరీ అంబలెలాగుంటదో ఎవలికి తెలుసప్పా?"

ఆవిడ గిన్నెలోకి చూసింది. తర్వాత వీధి వైపు చూసి, తలుపు దగ్గరగా వేసి, వేలు ముంచి నోట్లో పెట్టుకుంది.

"ఓలమ్మా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సేదు ఇసమే ఇది! ఇన్నాల్లూ దీన్నే తాగినావా?"

"సల్లగుంది గదాని," అన్నాను.

నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

నమోదు 8

ఇవాళ: అంబలి, అర గిన్నె, పొడి లేనిది. రెండిటి రుచికీ తేడా తెలియలేదు, నా నాలుక అలా ఉంది.

ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. తవిటమ్మ పొడి పొట్లం, మిగిలిన అంబలి రెండూ పట్టుకొచ్చింది. దొంగసొత్తు అప్పజెప్పినట్టు బల్ల మీద పెట్టి, "నానే," అంది.

డాక్టరమ్మ పట్టీని పక్కన పెట్టి నా రక్తం తీసుకుంది. లోపలి గదిలో పెద్ద యంత్రం ఉంది, దుమ్ము దులిపి మరీ నడిపించింది. అంకెలు వచ్చాక కుర్చీలో వెనక్కి వాలింది.

"ఈ పొడిలో బి6 అని ఒక విటమిన్ ఉంది. చిటికెడు మంచిది. పిడికెళ్లు పిడికెళ్లుగా కొన్నాళ్లు పడితే అదే నరాలని మొద్దుబారుస్తుంది, వేళ్లు, అరికాళ్లు. నేనిచ్చే మందూ అదే పని చేస్తుంది. రెండూ కలిశాయి."

"అయితే తిమ్మిరి దేనివల్ల?" అన్నాను.

"ఏది ఎంతో విడదీసి చెప్పలేను. పొడి ఆపి చూడాలి. తగ్గుముఖం పడితే మందు కొనసాగిద్దాం. పెరిగితే ఆపేద్దాం. అప్పటిదాకా తర్వాతి డోసు వాయిదా."

"మరి దీపం ఆకుపచ్చగుంది కదమ్మా," అంది తవిటమ్మ. ఏడుపు ఆపుకుంటోంది. "తప్పైతే దీపం సెప్పాల గదా?"

డాక్టరమ్మ పక్కన పెట్టిన పట్టీని చేతిలోకి తీసుకుంది. "ఆ దీపం తక్కువైతేనే చెబుతుందమ్మా. ఎక్కువైతే చెప్పే దీపం ఈ ఊళ్లో లేదు. ఊరు కట్టినవాళ్లకి ఎక్కువ అనే రోజు వస్తుందని తోచి ఉండదు. నాకు తోచాల్సింది. నేనూ దీపాన్నే చూశాను."

ఇంకో మాట కూడా చెప్పింది. ఈ మందులతో నోరు పాడై, కడుపు పాడై తిండి తగ్గడం నిజం, దానివల్ల కొన్ని నిజంగానే పడిపోతాయట. పొడి ఆపితే విటమిన్ డి నాకు మళ్లీ తగ్గుతుందని దానికి కొలిచిన చుక్కలు రాసిచ్చింది. మాంసకృత్తుల కోసం పప్పుకట్టు, గుడ్డు ఏదో ఒకటి గుటకలు గుటకలుగానైనా పోవాలంది. కానీ ఇనుము, జింకు లాంటివాటిని ఒళ్లు జబ్బుతోనో మందుతోనో పోరాడేటప్పుడు రక్తంలోంచి తీసి లోపల దాచుకుంటుందట. పట్టీకి ఆ దాచుకున్నది కనిపించదు.

"అంటే నా దీపం ఎర్రబడినా అదంతా కొరత కాదన్నమాట," అన్నాను.

"కొంత కొరత, కొంత దాపరికం. రెండిటికీ ఒకటే రంగు. ఎర్రబడుతుంది, తట్టుకోవాలి. నేను రక్తం చూస్తూ ఉంటాను."

"నానెలాగ తట్టుకుంతాను," అంది తవిటమ్మ. ఆ మాట నాకు వినిపించకూడదని మెల్లగా అంది, కానీ ఆవిడకి మెల్లగా మాట్లాడడం రాదు.

నమోదు 9

ఇవాళ: పప్పుకట్టు, నాలుగు గుటకలు. అంబలి, సగం. గుడ్డు, నన్ను నేనే బెదిరించుకుని ఒక ముక్క.

ఎరుపు వచ్చింది. కొరత ఏళ్ల తర్వాత మా వీధిలో ఇదే మొదటి ఎరుపట. చూడడానికి పక్క వీధి నుంచి కూడా వచ్చారు. తవిటమ్మ వండి, గిన్నె నా గుమ్మం ముందు పెట్టి, తల వంచుకుని వెళ్లిపోతోంది. నాతో పోట్లాడడం మానేసింది. ఇది పసుపు కంటే, ఎరుపు కంటే అధ్వానం.

గురువులు వచ్చాడు, గుమ్మం బయటే నిలబడి.

"వరాలమ్మా, నువ్వెలాగున్నావు?"

"బతికున్నాను బావా. నీ గుమ్మం ఆకుపచ్చైపోనాదా?"

"అయిపోనాది." సిగ్గుపడ్డాడు. "ఇనుకో. ఎదురిల్లు మార్సేద్దారంటన్నారు ఈదిలో, ఇంకోలు ఒండతారంట. తవిటమ్మ తప్పని కాదు. దీపం సూత్తే మాకందరికీ బెంగగా ఉంది."

"దీపం సూడకు బావా. నన్ను సూడు."

"సూత్తన్నాను. సిక్కిపోనావు."

"సిక్కిపోనాను. అయినా తవిటప్ప సేతిదే తాగుతాను. ఇల్లు మారిస్తే గిన్ని ముట్టను, దీపం నల్లగయిపోద్ది. సెప్పు ఈదికి."

నల్లరంగు దీపం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా భయపడి వెళ్లిపోయాడు.

సాయంత్రం తవిటమ్మ వచ్చి కూర్చుంది. పిడికిలి మూసి ఉంది. తెరవమన్నాను. పొడి, చిటికెడు.

"ఒక్క సిటికెడే," అంది. "పసుపైనా వత్తాదేమోనని. బైటికెల్తే అందరూ నా మొగం సూత్తన్నారే."

"నా వేళ్లప్పా," అన్నాను. చెయ్యి చాపాను. ఆవిడ నా చెయ్యి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. పట్టుకుంటోందని చూస్తే తెలుస్తోంది తప్ప నాకు సరిగా తెలియడం లేదు. అదే చెప్పాను. ఆవిడ లేచి, పొడిని తన పొట్లంలోనే జాగ్రత్తగా దులుపుకుని వెళ్లింది. పారేయలేదు. ఎర్రమెట్ట మనిషి కదా.

నమోదు 10

ఇవాళ: పప్పుకట్టు, అర గ్లాసు. గుడ్డు, ఒకటి. ఒకటి!

మళ్లీ దూది. కళ్లు మూసుకుని కూర్చున్నాను. చూపుడు వేలికి తెలిసింది. బొటనవేలికి తెలిసిందనిపించింది, ఆశతో చెప్పానేమోనని మళ్లీ తాకించమన్నాను. మళ్లీ తెలిసింది. చిటికెన వేలికి ఏమీ లేదు.

"పూర్తిగా పోలేదు, పోవడానికి నెలలు పట్టొచ్చు," అంది నీలోఫర్. "కానీ పెరగడం ఆగింది. కొంచెం వెనక్కి తగ్గింది. డోసు కాస్త తగ్గించి మందు కొనసాగిద్దాం."

ఆవిడకి దణ్ణం పెడదామనుకున్నాను. ఏడ్చేశాను. పర్వాలేదంది, కుర్చీ దగ్గరికి జరిపి సూది పెట్టింది. మందు చుక్క చుక్కగా దిగుతుంటే కళ్లప్పగించి చూశాను. అతుకు మీద అతుకు పడుతోంది.

తవిటమ్మకి చెబితే, "సర్లే," అని లోపలికెళ్లిపోయింది. కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు వీధి అవతలికి వినిపించింది. దీపం ఇంకా ఎరుపే.

నమోదు 11

వాంతులు తగ్గాయి. నోటి పుండ్లు మానుతున్నాయి. ఇంకో డోసు ఎక్కింది, ఇంకొన్ని మిగిలి ఉన్నాయి.

మధ్యాహ్నం తవిటమ్మ అంబలి గుమ్మం ముందు పెట్టి వెళ్లింది. ఒక గుటక తాగి ఆగాను. ఇంకో గుటక తాగాను. లేచాను. గిన్నె పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచాను. నా వెనక ఎర్ర దీపం, చేతిలో గిన్నె, ముందు ఎదురిల్లు. వీధిలో ఉన్నవాళ్లు ఉన్నచోటే నిలబడిపోయారు. గురువులు, "వరాలమ్మా, వద్దమ్మా," అన్నాడు.

తవిటమ్మ గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసి మొహం పాలిపోయింది.

"సాల్లేదేటే?" అంది.

"సాల్లేదప్పా. ఉప్పు సాల్లేదు."

"ఏటీ?"

"ఉప్పు. సప్పగుంది."

ఆవిడకి ఒక్కసారి రోషం వచ్చింది. వీధంతా చూస్తుండగానే నా చేతిలోంచి గిన్నె లాక్కుని ఒక గుక్క తాగింది. "సరిగ్గా ఏసినాను! నలబై ఏల్లు ఒండిన సెయ్యిది, ఉప్పు తప్పదు!"

"తప్పింది."

"తప్పనేదంతన్నాను గదే! సప్పగుందేటి ఇది, నీ మొగం..." అంటూ ఆగింది. గిన్నె వైపు చూసింది, నా వైపు చూసింది. "ఉప్పు తెలిసినాదేటే నీకు?"

"తెలిసినాదప్పా. నట్టు పోనాది."

ఆవిడ గడప మీద కూలబడిపోయి ఏడ్చింది, నవ్వింది, మధ్యలో ఉప్పు డబ్బా తెమ్మని గురువుల మీద అరిచింది. నేను పక్కన కూర్చున్నాను. సిమెంటు గడప గరుకుగా ఉంది, ఆ గరుకు కొంచెం కొంచెం అరచేతికి తెలిసింది. ఎదురుగా నా గుమ్మం మీద దీపం ఎర్రగా వెలుగుతోంది. ఎవరూ దాన్ని చూడడం లేదు.

ఇవాళ: చోడి అంబలి, ముప్పాతిక గిన్నె. మిగతా పాతిక అప్ప తాగింది.